నెట్‌లో ఇంగ్లీష్ రీడింగ్: ఎడిటోరియల్‌తో మొదలుపెట్టించకండి

కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒక తల్లో తండ్రో వచ్చి ఇదే మాట చెబుతారు. "మావాడితో రోజూ నెట్‌లో ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ చదివిస్తున్నామండీ. అయినా రీడింగ్ రావట్లేదు. ఇంకా పెద్దది ఏదైనా చెప్పండి." ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దీనివల్ల చదవడం మీదే విరక్తి పుట్టిన పిల్లల్ని క్లాసులో చూస్తూనే ఉన్నాను. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: ఎంత కష్టమైనది చదివితే ఇంగ్లీష్ అంత బాగా వస్తుంది.

వాస్తవం: రాదు. చదివేది అర్థమైతేనే చదవడం అలవాటవుతుంది. ఎంత అర్థం కావాలో పరిశోధకులు లెక్క కూడా కట్టారు. మార్సెల్లా హూ, పాల్ నేషన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక కథ ఎవరి సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే వంద మాటల్లో తెలియనివి రెండు. 80 శాతమే తెలిసినప్పుడు ఆ ప్రయోగంలో ఒక్కరికి కూడా కథ సరిగ్గా అందలేదు. మామూలు వార్తాపత్రికను ఆ 98 శాతం స్థాయిలో చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలియాలని నేషన్ 2006లో తేల్చాడు. స్కూలు పిల్లల్లో ఎంతమందికి అన్ని తెలుసు?

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పక్కన కూర్చుని చూశాను. చేతిలో ఫోన్, అందులో ఎడిటోరియల్, ఒళ్లో నోట్‌బుక్. మొదటి వాక్యంలోనే 'ఫిస్కల్' దగ్గర ఆగింది. డిక్షనరీ యాప్ తెరిచింది, నాలుగు అర్థాలు వచ్చాయి, మొదటిది రాసుకుంది. తిరిగి వచ్చేసరికి వాక్యం ఎలా మొదలైందో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి అందుకుంది. రెండు మాటలు దాటగానే 'ప్రూడెన్స్'. మళ్లీ యాప్, మళ్లీ నోట్‌బుక్. అరగంటకి ఒక పేరా అయింది. "ఏం చదివావమ్మా, ఏముంది అందులో?" అని అడిగితే, "మీనింగులు రాసుకున్నాను మేడమ్" అంది. పాపం, కష్టపడటంలో ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ ఆ అరగంటలో చదవడమన్నదే జరగలేదు.

అదే అమ్మాయికి స్టోరీవీవర్‌లో రెండో లెవెల్ కథ తెరిచి ఇచ్చాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన సైట్ అది, కథలు లెవెల్స్ వారీగా ఉంటాయి, అన్నీ ఉచితం. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లి, "ఇంకోటి ఉందా మేడమ్?" అంది. నాకు కావలసింది ఆ మాటే. ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి చదివితే, తరచుగా వాడే మాటలు పదే పదే ఎదురై వాటంతటవే నిలిచిపోతాయి. ఫ్లూయెన్సీ అలా వస్తుంది.

సరైన లెవెల్ ఎలా తెలుస్తుందంటారా? పేజీ తెరిచి ఓ వంద మాటలు చదివించండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. రెండు మూడు వేళ్లయితే పర్వాలేదు. చెయ్యంతా ముడుచుకుపోతే ఒక లెవెల్ కిందికి దిగండి. ఇది మోటు లెక్కే, కానీ ఎంపికకి సరిపోతుంది.

డిగ్రీ పిల్లలకి ఇక్కడే చిన్నతనంగా అనిపిస్తుంది. "పిల్లల కథలు చదవాలా మేడమ్?" అని తల దించుకుంటారు. అక్కర్లేదు. సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా 2001 నుంచీ ఉంది. విషయాలు పెద్దవాళ్లవే, వాక్యాలు మాత్రం తేలిక. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959లోనే స్పెషల్ ఇంగ్లీష్ పేరుతో సుమారు 1,500 మాటల పరిధిలో, నెమ్మదిగా వార్తలు చదవడం మొదలుపెట్టింది. అదీ పెద్దవాళ్ల కోసమే. సులువైనది చదవడం నామోషీ కాదు. పోటీ పరీక్ష ఉంది, పేపర్ చదివి తీరాలి అనేవాళ్లు ముందు తమకి బాగా తెలిసిన విషయం మీద చిన్న వార్తలు పట్టుకోండి. ఆట స్కోరో, వాతావరణమో ఏదైనా సరే. అభిప్రాయ వ్యాసాలు చివర్లో.

అపోహ: ముందు తెలుగులో చదివితే ఇంగ్లీష్ పాడవుతుంది.

వాస్తవం: తిరగేసి చెబుతున్నారు. అగ్నిపర్వతం గురించి తెలుగు వికీపీడియాలో చదివినవాడికి లావా ఎందుకు పైకొస్తుందో ముందే తెలుసు. తర్వాత సింపుల్ ఇంగ్లీష్ పేజీ తెరిస్తే తెలియని మాటని సందర్భాన్ని బట్టి ఊహించగలడు. ఆ పైన మామూలు ఇంగ్లీష్ పేజీ. ఒకే విషయం మీద ఈ మూడు మెట్లూ ఎక్కించి చూడండి. అయితే ఇంగ్లీష్ పేజీలో ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కితే మాత్రం ప్రాక్టీస్ అక్కడితో సరి. మాటకి అర్థం చూసుకోవచ్చు, పేజీ మొత్తాన్ని మార్చేయకూడదు.

అపోహ: ఉచితంగా దొరికే క్లాసిక్స్ ఉండగా వేరే ఏం కావాలి?

వాస్తవం: 1971లో మొదలైన ఉచిత ఈ-పుస్తకాల భండారం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అంటే నాకూ ప్రాణం. కానీ అక్కడున్న వాటిలో ఎక్కువభాగం కాపీరైట్ గడువు తీరిన పాత పుస్తకాలు. ఒక్కో వాక్యం అరపేజీ సాగే కాలం నాటివి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వద్దు.

ఆడియో వింటూ చదవడం దొంగదారి అనేవాళ్లున్నారు. కాదు. టఫ్ (tough), త్రూ (through), దో (though) - మూడింట్లోనూ చివరి నాలుగు అక్షరాలూ అవే, పలకడం మాత్రం మూడు రకాలు. చూసి మాత్రమే నేర్చుకునేవాళ్లకి ఇది ఎలా తెలుస్తుంది? స్టోరీవీవర్‌లో చదువుతూ వినే కథలు ఉన్నాయి. నలుగురిలో గట్టిగా చదవడానికి జంకే పిల్లలకి, పైకి చదువుతుంటే విని తప్పులు చెప్పే గూగుల్ రీడ్ అలాంగ్ మేలు, తప్పు చదివితే పక్కన నవ్వేవాళ్లు ఉండరు. కాకపోతే గడగడా చదివినంత మాత్రాన అర్థమైందనుకోకండి. ఆపి, "ఏం జరిగింది?" అని మన భాషలోనే అడగండి.

నిమిషానికి వెయ్యి మాటలు చదివిస్తామనే వీడియోలు నమ్మకండి. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లే మౌనంగా చదివితే నిమిషానికి సగటున 240 నుంచి 260 మాటలే చదువుతారు.

ఇక స్క్రీన్ భయం. ఇది పూర్తిగా అపోహ కాదు. 2018లో 54 అధ్యయనాల్ని కలిపి చూస్తే, సమాచారం ఇచ్చే పాఠాలు తెర మీద కంటే కాగితం మీదే బాగా అర్థమవుతున్నాయని తేలింది. కథల దగ్గర ఆ తేడా కనిపించలేదు. కాబట్టి కథలు ఫోన్‌లో చదివించండి, పాఠాల్లాంటివి వీలైతే ప్రింట్ తీసివ్వండి. ఫోన్ ఇస్తే వేరే యాప్‌లోకి వెళ్లిపోతారని దిగులుపడే తల్లిదండ్రులకి ఒక దారి ఉంది. స్టోరీవీవర్ కథలు పీడీఎఫ్‌గా దిగుతాయి. ఓ పది కథలు దింపిపెట్టి, డేటా ఆపేసి ఫోన్ చేతికివ్వండి.