నల్లమల కాపలా: దారి చూపిన చెంచులు రోజుకూలీ వాచర్లు ఎలా అయ్యారు

శివరాత్రికి ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వేలమంది శ్రీశైలం నడిచి వెళ్తారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులదీ అదే దారి. ఆ దారంతా పులులు తిరిగే అడవే. ఇంతమంది క్షేమంగా వెళ్లొస్తున్నారంటే మల్లన్న దయ అనుకుంటాం, అనుకోవాల్సిందే, కానీ ఆ రోజుల్లో దారి పొడవునా కాపు కాసే మనుషుల గురించి కూడా తెలుసుకోవాలి. వాళ్లలో అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్లుంటారు, సెక్షన్ ఆఫీసర్లుంటారు, బీట్ ఆఫీసర్లుంటారు. వీళ్లందరి కింద, పర్మనెంటు పోస్టంటూ లేకుండా పనిచేసే ప్రొటెక్షన్ వాచర్లు ఉంటారు. నల్లమలలో ఈ వాచర్లలో చాలామంది ఆ అడవి ఆదివాసీలైన చెంచులు. నన్నడిగితే ఈ కాపలా మొత్తం నడుస్తున్నది వాళ్ల కాళ్ల మీదే.

ఇది ఇవాళ్టి ఏర్పాటు కూడా కాదు. బ్రిటిషు కాలపు కర్నూలు జిల్లా రికార్డుల్లోనే చెంచులు కొండదారుల కాపలాదారులుగా కనిపిస్తారు. శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర రుసుము తీసుకునే హక్కు అప్పట్లో వాళ్లకుండేది. అంటే అడవీ వాళ్లదే, దారి చూపేదీ వాళ్లే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు ఫారెస్టయింది, ఏం కోసుకోవాలన్నా, ఏం పట్టుకోవాలన్నా గార్డు అనుమతి కావాల్సి వచ్చింది. కృష్ణకు అవతలి ఒడ్డున, నిజాం రాజ్యంలో, ఫరహాబాద్ వైపు అడవి వేటకోసం ఉంచుకున్నది. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అక్కడి చెంచుల మధ్య ఉండి, వాళ్ల పరిస్థితి చూసి సిఫారసు చేశాక అమ్రాబాద్ పీఠభూమి మీద కొంత ప్రాంతాన్ని వాళ్లకోసం కేటాయించారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1983లో దాన్నే పులుల రక్షణ పథకమైన ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అప్పటి 5 జిల్లాల్లో, 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు. కాగితం మీద అంత పెద్దది, కాపలాకు మాత్రం బీటుకొక (అంటే అడవిలో ఒక్కో ముక్కకొక) గార్డు, చేతిలో కర్ర. ఈ చట్టాలు పులికి అవసరమే, అందులో నాకే అనుమానమూ లేదు. కానీ తరతరాలుగా వేటాడి బతికినవాణ్ని ఒక్క గెజిట్‌తో నేరస్థుణ్ని చేసి, ఆ అడవి గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది అతనికేనన్న సంగతి అప్పుడు పట్టించుకోకపోవడం పెద్ద తప్పు.

తర్వాత అన్నల కాలం. 1990ల నుంచి 2005 దాకా నల్లమల లోపలికి అటవీ సిబ్బంది వెళ్లడమే కష్టమైపోయింది, గార్డులు రోడ్డు పక్క ఊళ్లలోనే ఆగిపోయేవాళ్లు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకోసం నక్సలైటు నాయకులు బయటికొచ్చింది కూడా ప్రకాశం జిల్లా నల్లమలలోని చిన్న ఆరుట్ల దగ్గరే. 2005 మొదట్లో చర్చలు విఫలమయ్యాయి, ఆ తర్వాత రెండు మూడేళ్లలో దళాలు అడవి వదిలి వెళ్లిపోయాయి. సరిగ్గా అదే సమయంలో రాజస్థాన్‌లోని సరిస్కా టైగర్ రిజర్వులో పులి ఒక్కటీ మిగల్లేదని బయటపడి దేశమంతా గొడవైంది. 2006లో చట్టం సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను పెట్టారు. దారులు తెరుచుకోవడం, పులుల కోసం నిధులు రావడం ఇలా ఒకేసారి కలిసొచ్చి నల్లమలలో బేస్ క్యాంపులు లేచాయి, మళ్లీ చెంచుల్ని పిలిచారు.

బేస్ క్యాంపంటే పెద్ద భవనమేమీ కాదు. నీళ్లు దొరికే చోట చిన్న షెడ్డు, నలుగురైదుగురు మనుషులు, బియ్యం, పప్పు, వైర్‌లెస్ సెట్టు. పొద్దున్నే నడక మొదలు. ఎంస్ట్రైప్స్ అనే యాప్ ఉన్న ఫోన్‌లో నడిచిన దారి నమోదవుతుంది, పులి అడుగు కనిపించినా, దాని మలం కనిపించినా, చెట్టు మీద గోళ్ల గీతలున్నా ఫొటో తీసి ఎక్కించాలి. ఉచ్చులు వెతకడం ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన పని. జింకకో అడవిపందికో సైకిల్ బ్రేకు వైరుతో బిగించిన ఉచ్చులో పులి కూడా పడుతుంది, ఆకుల కింద ఆ తీగ కనిపించాలంటే అడవిలో పుట్టి పెరిగిన కన్నుండాలి. జనవరి, ఫిబ్రవరిల్లో ఫైర్ లైన్లు (మంట దాటకుండా గడ్డీ ఆకులూ తీసేసిన బాటలు) కొట్టాలి. ఎండలు ముదిరితే ఎవరో పారేసిన బీడీ చాలు, రాత్రంతా పచ్చికొమ్మలతో మంట ఆర్పాల్సిందే. నీళ్లు ఎండిపోతే ట్యాంకర్లతో సాసర్ పిట్లు (జంతువులు తాగే నీటి తొట్లు) నింపాలి. రాత్రి లారీ చప్పుడైతే వెళ్లి చూడాలి.

జనాన్ని చూసుకునే పని వేరే. దోర్నాల–శ్రీశైలం, మన్ననూరు–శ్రీశైలం రోడ్లను రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. గేటు దగ్గర బతిమాలేవాళ్లు, తిట్టేవాళ్లు, ఫలానా నాయకుడి మనుషులమని ఫోన్లు చేయించేవాళ్లు, ఆ టెన్షన్ అంతా గేటు దగ్గరున్న మనిషిదే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి వేలమంది లోయలోకి దిగుతారు, అది తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వులోని కోర్ (లోపలి) అడవి. తాగునీళ్ల దగ్గర్నుంచి తొక్కిసలాట దాకా అన్నీ చూసుకుని, అందరూ వెళ్లాక ప్లాస్టిక్ ఏరేదీ వీళ్లే. కోతులకు అరటిపళ్లు వేయొద్దని చెబితే ఇప్పటికీ వినం. అవి తిండికోసం రోడ్డెక్కి బండ్ల కింద పడి చస్తాయి.

కాపలా కాస్త అటూ ఇటైతే ఏమవుతుందో తిరుమలలో చూశాం. అది శేషాచలం, వేరే అడవి, కానీ పని ఒకటే. 2023 జూన్‌లో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఒక చిన్న పిల్లాణ్ని పట్టుకుని వదిలేసింది, ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తర్వాతే మధ్యాహ్నం 2 దాటితే 15 ఏళ్ల లోపు పిల్లల్ని నడకదారిలో పంపకపోవడం, భక్తుల్ని గుంపులుగా పంపడం, బోన్లు పెట్టడం జరిగాయి. అదే ఏడాది మార్చిలో ఆత్మకూరు డివిజన్‌లోని పెద్ద గుమ్మడాపురం దగ్గర 4 పులికూనలు దొరికినప్పుడు సిబ్బంది రాత్రీ పగలూ తల్లి పులికోసం గాలించారు, కెమెరాలు పెట్టారు, కూనల్ని దానికి కలపాలని చూశారు. తల్లి రాలేదు, చివరికి వాటిని తిరుపతి జూకు తరలించారు.

అన్నిచోట్లా నల్లమలలోలా కుదరలేదు. 2022 నవంబరులో భద్రాద్రి జిల్లా ఎర్రబోడు దగ్గర పోడు భూమి గొడవలో ఎఫ్‌ఆర్‌ఓ (అటవీ రేంజ్ ఆఫీసర్) శ్రీనివాసరావును గొత్తికోయ ఆదివాసీలు కొందరు చంపేశారు. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. అడవిలో ఉన్నవాళ్లకూ శాఖకూ మధ్య నమ్మకం పోయిన చోట ఆ ఖర్చు కింది ఉద్యోగి ప్రాణమని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులున్నాయి, 2022కు 63 అయ్యాయి. తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయి. పెరిగినచోట ఘనత ఎవరెవరిదో మాట్లాడుకునేటప్పుడు వాచర్ల పేరు రాదు. వాళ్ల కూలి కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టే నిధుల మీద ఆధారపడుతుంది, ఆ నిధులు విడుదల కావడం ఆలస్యమైతే నెలల తరబడి చేతికి డబ్బు రాదు. ఎలుగుబంటి కొట్టినా, పాము కాటేసినా రోజుకూలీకి పర్మనెంటు ఉద్యోగికున్న రక్షణ లేదు. రెండు రాష్ట్రాలూ కొత్త టూరిజం ప్యాకేజీలు, సఫారీ జీపులు ప్రకటిస్తున్నాయి కదా, ఆ టికెట్ డబ్బుల్లోంచే ముందు వాచర్ల కూలి పక్కన తీసి నెలనెలా ఇవ్వాలి, బీమా కట్టాలి, ఏళ్లుగా చేస్తున్న చెంచులకు బీట్ స్థాయి పోస్టుల్లో చదువు నిబంధన సడలించి చోటివ్వాలి.