శ్రీశైలం వెనుక జలాలు: చేప పిల్లలు వదిలేదొకరు, ఊడ్చేదొకరు

చేపల వేటకు చట్టం లేదనుకుంటే పొరపాటే. 1897 నాటి మత్స్య చట్టం నీళ్లలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరంగా ప్రకటించింది. వల కన్ను ఎంతుండాలో, వేట ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. గట్టున బతికేవాళ్ల చేతికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

చెరువుల్లో ఆ లోటును మత్స్యకార సహకార సంఘాలు కొంత పూడ్చాయి. కౌలు సంఘానిదే, చేప పిల్లలు వేసేదీ కాపలా కాసేదీ సంఘమే. కౌలు ఏడాదికే అయితే అక్కడా తిరకాసే. కౌలు లెక్కకు వాడే ఫసలీ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది గనక, ఎండాకాలం నీళ్లు అడుగంటగానే తల్లిచేపలతో సహా ఊడ్చేస్తారు. 1997 సాగునీటి సంఘాల చట్టంలోనూ ఓటు ఆయకట్టు రైతుకే దక్కింది, చేపలు పట్టేవాడికి కాదు.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1980ల్లో నిండిన శ్రీశైలం రిజర్వాయర్ కథ వేరు. 885 అడుగుల పూర్తి మట్టంలో నీరు 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. అంత నీటికి కాపలా ఏ ఒక్క సంఘం వల్లా కాదు, కాబట్టి లైసెన్సులిచ్చారు. లైసెన్సు ఉన్నవాడూ పడతాడు, లేనివాడూ పడతాడు. ఇదేంటని అడిగే హక్కు పక్క రేవువాడికి లేదు.

ఆ సందులోనే అలివి వల దూరింది. వందల మీటర్ల వల, దోమతెరంత సన్నని కన్ను. పడవ మీద తీసుకెళ్లి నీళ్లను చుట్టేసి, రెండు కొసలూ గట్టుకు లాగుతారు. వేలెడంత బొచ్చె పిల్ల కూడా తప్పించుకోదు. కిలోల్లో తూగాల్సింది గట్టు మీద ఎండుచేపవుతుంది. పైగా 2014 నుంచి ఎదుటి గట్టు మరో రాష్ట్రం. ఇటు తనిఖీ అంటే వల అటు పోతుంది.

ప్రభుత్వం చేప పిల్లలు వదలడంలోనూ లోపాలున్నాయి. 8–10 సెంటీమీటర్ల కన్నా చిన్నవి వేస్తే వాలుగకు, కొర్రమీనుకు మేపినట్టే. గేట్లు ఎత్తి ఉండగా వదిలితే వరదతో దిగువకు కొట్టుకుపోతాయి. ఆక్సిజన్ సంచిని పొద్దున్నే చల్లటి వేళ పావుగంట నీళ్లలో తేలనిచ్చి, రిజర్వాయర్ నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలిపి, అప్పుడు వదలాలి. ఫొటోలు దిగే హడావిడిలో నేరుగా గుమ్మరించేస్తారు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతిని రూ.20,000కు పెంచింది. రిజర్వాయర్ మీద బతికేవాళ్లకు అది వర్తించదు. చేప గుడ్లు పెట్టే జులై, ఆగస్టుల్లో వల ఒడ్డున పెట్టమంటే పొయ్యి ఎలా వెలుగుతుంది?

అందుకే సహనిర్వహణ, అంటే మత్స్యకారులూ ప్రభుత్వమూ కలిసి చూసుకోవడం, అంటున్నారు. వాగులు కలిసే చోట్లను ఎవరూ పట్టకూడని నీరుగా రేవు సంఘమే గుర్తిస్తుంది. తడి వలను సాగదీసి ముడి నుంచి ముడికి కన్ను కొలుస్తుంది. ఏ రకం, ఎంత బరువు, ఏ వలతో పట్టారో రోజూ పుస్తకంలో రాస్తుంది. అది లేకుండా వదిలిన పిల్లల్లో ఎన్ని దక్కాయో తేలదు. వల స్వాధీనం, కేసు మత్స్యశాఖ చూడాలి, అదీ కబురందిన రోజే. వేట విరామ తేదీలు మాత్రం రెండు గట్లకూ ఒకటే ఉండాలి.