షాపులో ఉద్యోగం చేస్తే అమెచ్యూర్ కాకుండా పోతారా?

అమెచ్యూర్ గోల్ఫర్లు, అంటే గోల్ఫ్‌ను సంపాదన కోసం కాకుండా ఆడేవాళ్లు, ఇకపై తమ పేరును, ఫొటోను ప్రకటనలకు ఇచ్చి డబ్బు తీసుకోవచ్చని గోల్ఫ్ రూల్స్ రాసే యూఎస్‌జీఏ (అమెరికా), ఆర్ అండ్ ఏ (బ్రిటన్) సంస్థలు 2022 జనవరి 1 నుంచి అనుమతించాయి. ఆ ఏడాదే స్టాన్‌ఫోర్డ్ విద్యార్థిని రోజ్ జాంగ్ అడిడాస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆమె అమెచ్యూర్ హోదాకు ఏమీ కాలేదు. 1930లలో ఇంగ్లండ్ గోల్ఫర్ జాయిస్ వెదర్డ్‌కు ఈ వీలు లేదు.

1901లో పుట్టిన వెదర్డ్ 1920లో షెరింగ్‌హామ్‌లో ఇంగ్లిష్ లేడీస్ టోర్నీ ఆడే నాటికి ఆమె పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఫైనల్లో అప్పటి మేటి క్రీడాకారిణి సెసిల్ లీచ్‌ను ఓడించింది. వెదర్డ్ పుట్ (బంతిని గుంటలోకి నెట్టే చివరి దెబ్బ) కొడుతుండగా పక్కనుంచి రైలు రొద చేస్తూ పోయిందట. అది వెళ్లేదాకా ఆగాల్సింది కదా అంటే, ‘ఏ రైలు?’ అని అడిగిందట. ఇందులో కొంత కల్పన ఉన్నా, ఆమె ఏకాగ్రత గురించి చెప్పేవాళ్లు ఈ కథ దగ్గరే మొదలుపెడతారు. ఇంగ్లిష్ లేడీస్ టైటిల్‌ను వరుసగా ఐదేళ్లు గెలిచింది. బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్ మరో నాలుగుసార్లు. వాటిలో చివరిది, 1929లో సెయింట్ ఆండ్రూస్‌లో గెలిచింది, అన్నిటికన్నా గొప్పది. ఫైనల్లో అమెరికన్ ఛాంపియన్ గ్లెన్నా కొలెట్ మీద 11 హోల్స్ అయ్యేసరికి ఐదు హోల్స్ వెనకబడింది (ఒక్కో హోల్‌ను తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవాళ్లు ఆ హోల్ గెలిచినట్టు). అయినా 36 హోల్స్ మ్యాచ్‌ను 35వ హోల్ దగ్గరే గెలిచి ముగించింది. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ అంత బాగా ఆడేవాళ్లను చూడలేదని ఆ కాలపు మేటి అమెరికన్ గోల్ఫర్ బాబీ జోన్స్ అంతటివాడే అన్నాడు.

తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి. లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ స్టోర్‌లో, గోల్ఫ్ సామాన్లు అమ్మే విభాగంలో ఉద్యోగానికి చేరింది. గోల్ఫ్ పేరు మీద సంపాదిస్తోంది కాబట్టి అమెచ్యూర్ కాదన్నారు. ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లకు ఈ రూల్‌తో ఏ టెన్షనూ లేదు. జీతం అవసరమైనవాళ్లకే చిక్కు. హోదా ఎలాగూ పోయింది కనుక 1935లో అమెరికా వెళ్లి, డబ్బు తీసుకుని ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడింది. అదే ఏడాది టెక్సస్ అమెచ్యూర్ టోర్నీ గెలిచిన అమెరికన్ క్రీడాకారిణి బేబ్ డిడ్రిక్‌సన్‌కూ, వేరే ఆటల్లో డబ్బు తీసుకుందంటూ యూఎస్‌జీఏ హోదా తీసేసింది. 1943లో గానీ తిరిగి ఇవ్వలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వెదర్డ్‌కూ హోదా తిరిగి ఇచ్చారు. అప్పటికి ఆమె సర్ జాన్ హీత్‌కోట్ అమోరీ భార్య. డెవన్‌లో పెద్ద బంగళా, తోట. జీతం అవసరమే లేదు.

కొత్త రూల్స్‌లోనూ ప్రైజ్ మనీకి పరిమితి ఉంది, గోల్ఫ్ క్లబ్‌లో ప్రొఫెషనల్‌గా ఉద్యోగం కుదరదు. షాపులో గోల్ఫ్ కర్రలు అమ్ముకుంటే మాత్రం అడిగేవాళ్లు లేరు.