పూల్ ఫిల్టర్‌ను కడిగి కడిగి పాడుచేయకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈత కొలనులు, హాట్ టబ్‌ల నిర్వహణ నా వృత్తి. ఫోను ఎత్తగానే నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "రోజూ ఫిల్టర్ కడుగుతూనే ఉన్నామండీ, అయినా నీళ్లు తేటపడటం లేదు." రోజూ కడగడం వల్లే తేటపడటం లేదేమో అంటే అవతల కాసేపు మాట ఉండదు. నేనేదో పని తప్పించుకోవడానికి అలా చెబుతున్నానని అనుకుంటారు.

అపోహ: ఎంత తరచుగా కడిగితే ఫిల్టర్ అంత బాగా పనిచేస్తుంది.

ఇసుక ఫిల్టర్ విషయంలో ఇది పూర్తిగా తలకిందుల మాట. శుభ్రమైన ఇసుక సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలుసులను మాత్రమే ఆపగలదు. రేణువుల మధ్య కొద్దిగా మురికి చేరి సందులు ఇరుకైన తరవాతే అంతకన్నా సన్నటివి చిక్కడం మొదలవుతుంది. బ్యాక్‌వాష్, అంటే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడిగి మురికిని కాలువలోకి వదలడం, చేయగానే ఆ మురికి పోతుంది, దాంతోపాటు ఆ పట్టు కూడా పోతుంది. రోజూ బ్యాక్‌వాష్ చేసేవారు రోజూ ఫిల్టర్‌ను దాని బలహీన దశలోనే నడుపుతున్నారన్న మాట. పైగా కాలువపాలయ్యేవి ఒట్టి నీళ్లు కావు. వాటిలో మీరు డబ్బు పోసి కలిపిన క్లోరిన్, ఎండకు అది తరిగిపోకుండా కాపాడే స్టెబిలైజర్ కూడా ఉన్నాయి.

ఎప్పుడు కడగాలో చెప్పడానికే ట్యాంకు మీద ప్రెషర్ గేజ్ పెట్టారు. దానివైపు చూసేవారు తక్కువ. శుభ్రం చేసిన వెంటనే ముల్లు ఎక్కడుందో చూసి, ఆ అంకెను ట్యాంకు మీదే చెరగని సిరాతో రాయండి. అక్కడి నుంచి 8 నుంచి 10 పీఎస్ఐ (గేజ్ మీద ఒత్తిడిని చూపే కొలత) పెరిగినప్పుడు కడగండి. 12 దగ్గర మొదలైతే 20 దాటేదాకా దాని జోలికి పోవద్దు. వేగం మార్చుకునే పంపు అయితే ఎప్పుడూ ఒకే వేగం దగ్గర పోల్చాలి. పంపు ఆపి, ట్యాంకు పైనున్న గాలి వాల్వ్ తెరిచి ఒత్తిడి పూర్తిగా వదిలాక కూడా ముల్లు సున్నాకు రాలేదంటే చెడిపోయింది గేజే కావచ్చు, ముందు దాన్ని మార్చండి. ప్రెషర్ పెరగడానికి బదులు తగ్గిందా? అప్పుడు ఫిల్టర్‌ను వదిలేసి స్కిమ్మర్ బుట్ట (నీటి పైన తేలే ఆకులు, చెత్త పట్టేది), పంపు బుట్ట, కొలనులో నీటిమట్టం చూడండి.

ఒక నివాస సముదాయంలో కొలను చూసుకునే పెద్దాయన ఒకరు నన్ను పిలిపించారు. తెల్లవారగానే బ్యాక్‌వాష్ చేయడం ఆయనకు నిత్యవిధి. నీళ్లు మాత్రం పాలు కలిపినట్టు ఉన్నాయి. పరీక్షిస్తే క్లోరిన్ దాదాపు లేదు, పీహెచ్ 8 దాటింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆయన వాల్వ్ తిప్పుతుంటే కనిపించింది. బ్యాక్‌వాష్ కాగానే రిన్స్ (మిగిలిన మురికిని కాలువలోకి పంపే జాడింపు) చేయకుండా నేరుగా ఫిల్టర్ స్థానానికి తిప్పుతున్నారు. ఇసుకలో ఇంకా కదులుతున్న మురికంతా మళ్లీ కొలనులోకే చేరుతోంది! గాజుగొట్టంలో నీళ్లు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు బ్యాక్‌వాష్, ఆ తరవాత అర నిమిషం నుంచి నిమిషం దాకా రిన్స్, వాల్వ్ తిప్పే ప్రతిసారీ పంపు ఆపడం, ఇంతే చెప్పాను. పీహెచ్, క్లోరిన్ సరిచేసి, గేజ్ చెప్పేదాకా ఫిల్టర్‌ను ముట్టుకోవద్దన్నాను. కొద్ది రోజుల్లో అడుగున పలకల గీతలు కనిపించాయి. ఆయన శ్రద్ధకు వంక పెట్టలేం. మసకబారితే కడగమని ఎవరో చెప్పారు, ఆయన కడుగుతూ పోయారు.

నాచు పట్టిన కొలనుకు మందు వేశాక మాత్రం చచ్చిన నాచుతో ఫిల్టర్ త్వరగా నిండుతుంది. ఒకే రోజు రెండుసార్లు బ్యాక్‌వాష్ అవసరం కావచ్చు. అప్పుడైనా గేజ్ చెబితేనే చేయాలి. హాట్ టబ్ సంగతి వేరు. అందులో ఇసుకకు బదులు ఉండే కార్ట్రిడ్జ్ (మడతల గుడ్డ ఫిల్టర్) చిన్నది, నీళ్లు తక్కువ, ఒంటి నూనెలు ఎక్కువ, చాలావాటికి గేజే ఉండదు. అందుకని వాడకాన్ని బట్టి వారానికో రెండు వారాలకో నీటితో కడిగి, సుమారు నెలకోసారి క్లీనర్‌లో నానబెట్టాలి.

అపోహ: ప్రెషర్ వాషర్‌తో కొట్టి, యాసిడ్‌లో ముంచితే కార్ట్రిడ్జ్ కొత్తదవుతుంది.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. కార్ట్రిడ్జ్ అంటే మడతలు పెట్టిన పాలిస్టర్ గుడ్డ. ప్రెషర్ వాషర్ ధాటికి దాని పోగులు లేచి, సందులు వెడల్పవుతాయి. చూడటానికి తెల్లగా ఉంటుంది, మురికిని మాత్రం వదిలేస్తుంది. తోటకు నీళ్లు పట్టే మామూలు గొట్టం చాలు. ఏటవాలుగా పట్టుకుని పైనుంచి కిందికి ఒక్కో మడత కడగాలి.

ఇక యాసిడ్. మడతల్లో పేరుకునేది ముఖ్యంగా ఒంటి జిడ్డు, సన్‌స్క్రీన్. వాటి మీద నేరుగా యాసిడ్ పోస్తే జిడ్డు గుడ్డలోనే బిగుసుకుపోతుంది. ముందు జిడ్డు తీసే ఫిల్టర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, బాగా జాడించాలి. సున్నపు పొర ఉంటేనే యాసిడ్ అవసరం. పలుచని యాసిడ్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే పొర ఉన్నట్టు. ఒక వంతు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు 20 వంతుల నీళ్లు, అదీ నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయవద్దు. క్లోరిన్ ఉన్న ఏ మందూ యాసిడ్‌తో కలవకూడదు. కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం. అదే బకెట్‌ను కడగకుండా రెండింటికీ వాడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంత చేశాక కూడా మరక మిగిలిందంటే మిగలనివ్వండి, మరక ఉంటే నష్టం లేదు. గుడ్డ చిరిగినా, మడతలు అతుక్కుపోయినా, చివరి మూతలు పగిలినా మాత్రం మార్చాలి.

అపోహ: నీళ్లు అద్దంలా ఉన్నాయి, కాబట్టి సురక్షితం.

ఫిల్టర్ నలుసులను ఆపుతుంది. సూక్ష్మజీవులను చంపేది క్లోరిన్ లేదా బ్రోమిన్. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లే, ఇసుక దాన్ని నమ్మకంగా ఆపలేదు. హాట్ టబ్‌లో వేడికి క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. పిల్లవాడి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని, తాను ఫిల్టర్ సరిగా కడగలేదేమోనని ఒక తల్లి ఫోనులో దాదాపు ఏడ్చేశారు. ఆమె ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. అలాంటి దద్దుర్లకు సాధారణంగా కారణమయ్యే సూడోమోనాస్ బ్యాక్టీరియా క్లోరిన్ పడిపోయిన వెచ్చని నీటిలో పెరుగుతుంది. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, తగ్గకపోయినా జ్వరం వచ్చినా వైద్యునికి చూపించాలి. హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో మూడు వంతులు), కొలనులో కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ వాడితే కనీసం 2, రెండింటిలోనూ పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. దిగే ముందు పరీక్ష పట్టీ ముంచి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గిన్నెల సబ్బుతో కార్ట్రిడ్జ్ కడిగితే టబ్ నిండా నురగే. డిష్‌వాషర్‌లో పెట్టవద్దు. పెద్ద పంపు బిగిస్తే నీళ్లు ఎక్కువ శుభ్రపడవు, వేగానికి మురికి ఫిల్టర్‌ను దాటిపోతుంది. ఇసుకను ఏటా మార్చనక్కర్లేదు, గడ్డకట్టకుండా ఉంటే అయిదేళ్లు నిక్షేపంగా వస్తుంది.

ట్యాంకు తెరిచేవారికి ఒక్క మాట. పంపు ఆపండి, పైనున్న గాలి వాల్వ్ తెరవండి, గేజ్ సున్నాకు వచ్చాకే మూతను పట్టి ఉంచే క్లాంప్ వదులు చేయండి. లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడికి మూత ఎగిరి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. మళ్లీ నడిపేటప్పుడు కూడా గాలి వాల్వ్ తెరిచే ఉంచి, ట్యాంకుకు దూరంగా నిలబడి పంపు వేయండి. ఆగకుండా నీటిధార వచ్చాక దాన్ని మూయవచ్చు.