హెవీ లైసెన్సు తీసుకునే ముందు: లారీ పనిపై అపోహలు – వాస్తవాలు

పోయిన నెల కనిగిరి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. కుర్రవాడికి ఇరవై ఏళ్లు నిండాయి, కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటింది. ఇక హెవీ లైసెన్సుకు వెళ్లవచ్చు. "పోర్టులున్నాయి, ఫ్యాక్టరీలు వస్తున్నాయి, విదేశాలకు సరుకు పోతోంది. వీడు స్టీరింగు పట్టుకుంటే బతుక్కి ఢోకా ఉండదు కదా బాబూ?" అని పెద్దాయన అడిగారు. ఆయన మాట పూర్తి కాకుండానే కొడుకు అందుకున్నాడు: "డ్రైవరే అక్కర్లేని బండ్లు వస్తున్నాయంటున్నారు సార్, నిజమేనా?"

ఇద్దరికీ జవాబు చెప్పేసరికి గంటన్నర పట్టింది. నేను లారీ డ్రైవరు కొడుకును. నెల్లూరులో బుకింగ్ ఆఫీసు పెట్టి ఇరవై రెండేళ్లయింది. చీమకుర్తి గ్రానైట్ రాయి, రొయ్యల ప్లాంట్ల సరుకు, పంటపాళెం నూనె ట్యాంకర్లు మా చేతుల మీదుగా వెళ్తుంటాయి. ఆ రోజు వాళ్లతో చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పక్కనే పోర్టు ఉంటే లారీకి పని, డ్రైవరుకు జీతం ఖాయం.

వాస్తవం: ఓడ ఎక్కడ ఆగితే సరుకు అక్కడికి పోతుంది. పోర్టు మన గడప ముందున్నా ఓడ ఆగకపోతే ప్రయోజనం లేదు. ఏ ఓడ ఏ రేవులో ఆగాలో నిర్ణయించే వాళ్లకు మా కృష్ణపట్నం పోర్టు పక్కనున్న ముత్తుకూరు ఎక్కడుందో కూడా తెలియదు.

కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. కంటైనర్ ఓడలు బాగా వచ్చిన రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల డ్రైవర్లు రోజుకు రెండు మూడు ట్రిప్పులు వేసి, రాత్రికి ఇంట్లో అన్నం తినేవాళ్లు. 2024లో కంటైనర్ల రాకపోకలు తమిళనాడులోని చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల వైపు మళ్లాయి. అదే రొయ్య, అదే ట్రైలరు, అదే డ్రైవరు. గంటలోపు దూరం కాస్తా నూట డెబ్బై కిలోమీటర్ల పైమాట అయింది. కాగితం మీద చూస్తే కిలోమీటర్లు పెరిగాయి, బాడుగ పెరిగింది, ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ మనిషి ఆ రేవులకు వెళ్లే మీంజూరు రోడ్డు మీద ట్రైలర్ల వరసలో పడుకుని, మూడో రోజుకు ఇల్లు చేరుతున్నాడు. ఇలాంటి మార్పు ఏ ఉద్యోగాల లెక్కలోనూ కనిపించదు.

దిగుమతి సంగతీ ఇంతే. పంటపాళెం చుట్టూ ఉన్న రిఫైనరీలకు ముడి పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తమ దేశంలో వంటనూనె ధర పెరిగిందని పామాయిల్ ఎగుమతిని ఆపేసింది. మే 23 దాకా ఆ నిషేధం సాగింది. ఆ మూడున్నర వారాలు ఇక్కడ ట్యాంకర్ల వరస ఎంత పెరిగిందో, వంతు ఎంత ఆలస్యంగా వచ్చిందో నేను చూశాను. బండి కదలకపోయినా ఫైనాన్సు వాయిదా మాత్రం ఐదో తారీఖున కట్టాల్సిందే.

అపోహ: ఎగుమతి సరుకు తోలే డ్రైవరుకు మిగతా వాళ్లకంటే బాగా ముడుతుంది.

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే.

రొయ్యల ప్లాంటులో నలభై అడుగుల రీఫర్ కంటైనరు, అంటే సరుకును గడ్డకట్టిన చలిలో ఉంచే కంటైనరు, నింపుతున్నప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. పెట్టెలన్నీ పేర్చాక తలుపులు మూస్తారు. బోల్టు సీలు టక్కుమని బిగుస్తుంది. దాని నంబరును ఇన్వాయిస్ మీద రాస్తారు. అక్కడి నుంచి ఆ తలుపు తెరిచే అధికారం డ్రైవరుకు లేదు, బాధ్యత మాత్రం అంతా అతనిదే. కంటైనరు ముందు భాగాన చిన్న తెర ఉంటుంది. అందులో మైనస్ 18 అంకె నిలబడి ఉండాలి. దానికి కరెంటు ఇచ్చేది బండికి తగిలించిన జెన్‌సెట్, అంటే డీజిలు జెనరేటరు. అది ఆగితే ఆ అంకె మెల్లగా పైకి పాకుతుంది. సరుకు పాడైతే మొదట అడిగేది డ్రైవరునే.

ఇప్పుడు ఓడ రెండు రోజులు ఆలస్యమైందనుకుందాం. బండి గేటు బయట ఆగుతుంది. జెన్‌సెట్ హోరు పక్కనే డ్రైవరు క్యాబిన్‌లో పడుకుంటాడు. రెండు గంటలకోసారి లేచి, టార్చి వేసి ఆ అంకె చూసుకుని మళ్లీ పడుకుంటాడు. అలా రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులకు అతనికి దక్కేది బయల్దేరేటప్పుడు లెక్కకట్టి ఇచ్చిన ట్రిప్పు బత్తానే, దాని మీద ఒక్క రూపాయి పెరగదు.

షిప్పింగ్ కంపెనీకి చెందిన కంటైనరు పెట్టెను సరుకు పార్టీ గడువు దాటి ఉంచుకుంటే రోజుకు ఇంత అని డాలర్లలో బిల్లు వస్తుంది. పోర్టు యార్డులో పెట్టె గడువు దాటి నిలబడితే నేల అద్దె పడుతుంది. ఆ పెట్టెను మోసిన బండి నిలబడితే మాత్రం మా జిల్లాల్లో చాలా చోట్ల బిల్లు లేదు. బండిలో ఉన్న మనిషి నిలబడితే అసలు లెక్కే లేదు. ప్రపంచ వ్యాపారం లారీ ఉద్యోగాన్ని పెంచిందా, తగ్గించిందా అని అందరూ అడుగుతారు. నా అనుభవంలో అది చేసిన పని వేరు. సముద్రం అవతల జరిగే ప్రతి ఆలస్యాన్నీ చివరికి తెచ్చి స్టీరింగు ముందు కూర్చున్న మనిషి నెత్తిన పెట్టింది.

2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది. టీవీలో అందరూ చూశారు. ఆ తర్వాత వారాల తరబడి ఓడల వేళలు తారుమారై, ఖాళీ కంటైనర్ల కోసం యార్డుల ముందు మన బండ్లు ఎన్ని రోజులు కాపలా కాశాయో ఎవరూ చూపించలేదు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చి, పది రోజులకు పైగా ప్రయాణం పెరిగింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. రొయ్యలు ఎక్కువగా కొనేది ఆ దేశమే. సుంకం పడే తేదీకి ముందే ఓడ ఎక్కించాలని కొన్నాళ్లు రాత్రింబవళ్లు బండ్లు పరుగెత్తించారు. తేదీ దాటాక లోడ్లు పలచబడ్డాయి. హడావుడి ఉన్నప్పుడు డ్రైవరు నిద్ర పోయింది, హడావుడి తగ్గాక ట్రిప్పు పోయింది.

అపోహ: డ్రైవర్లు దొరక్కపోవడానికి కారణం ఈ కాలం కుర్రాళ్లకు ఒళ్లు వంగకపోవడం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది.

మా నాన్న డ్రైవరు కాకముందు నాలుగేళ్లు క్లీనరుగా ఉన్నారు. బండి కడగడం, టైర్ల మీద సుత్తితో కొట్టి చప్పుడును బట్టి గాలి పట్టుకోవడం, పట్టా కప్పి తాడు బిగించడం, రాపూరు ఘాట్‌లో దిగేటప్పుడు చక్రాల కింద పెట్టే చెక్కతో సిద్ధంగా ఉండటం, ఇవన్నీ ఆ నాలుగేళ్లలోనే నేర్చుకున్నారు. రాత్రి ఖాళీ రోడ్డు దొరికితే డ్రైవరు పక్కకు జరిగి స్టీరింగు ఇచ్చేవాడట. మా వృత్తికి బడి అంటే ఆ క్లీనరు సీటే.

ఆ బడి ఎందుకు మూతపడింది? బాడుగలు పోటీలో నలిగాయి, డీజిలు లీటరు వందకు దగ్గరైంది. ఒకటీ రెండు బండ్లున్న యజమాని ఎక్కడ తగ్గించగలడు? వాయిదా తగ్గదు, టోలు తగ్గదు. సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు, గేటు గేటుకూ ఫాస్టాగ్ నుంచి డబ్బు పోతూనే ఉంటుంది. అందుకని ముందు క్లీనరును తీసేశారు. ఇప్పుడు చాలా బండ్లలో డ్రైవరు ఒక్కడే. అతనికి తోడు లేదు, అతని తర్వాత నేర్చుకుని వచ్చే వాడూ లేడు. పదిహేనేళ్ల పాటు బడి మూసేసి, చదువుకున్న వాళ్లు రావడం లేదని నిష్ఠూరమాడితే ఎలా?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలు ఏకధాటిగా తోలితే అరగంట విశ్రాంతి అని చెప్పింది. ఐదుగురూ అంతకు మించీ పనివాళ్లున్న సంస్థలకే అది వర్తించింది. మన దగ్గర బండ్లలో ఎక్కువ ఒకటి రెండు లారీల యజమానులవే. కాబట్టి ఆ అరగంట కాగితం మీదే ఉండిపోయింది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఇవాళ రోడ్డు మీదున్న పాత బండ్లలో మే నెల ఎండకు ఇంజను వేడి తోడవుతూనే ఉంది. పైగా లారీ డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారు. ఇన్ని తెలిసీ రానివాణ్ణి సోమరి అనడం అన్యాయం.

అపోహ: కంటైనరు వచ్చి హమాలీల పొట్ట కొట్టింది.

వాస్తవం: సగం నిజం. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో 58 కంటైనర్లతో ఐడియల్ ఎక్స్ అనే ఓడ బయల్దేరింది. ఆ ఆలోచన లారీల వ్యాపారం చేసిన మాల్కం మెక్‌లీన్‌ది. రేవులో మూటలు మోసే పని ఆనాటి నుంచి తగ్గుతూ వచ్చింది. ఆ పని కొంత ప్లాంట్లకు, గోదాములకు మారింది, కొంత పూర్తిగా పోయింది. పోయిన పనికి బదులు ఏమిచ్చారన్నది అడగాల్సిన ప్రశ్న.

అపోహ: ప్రపంచానికే ఫ్యాక్టరీ అయిన చైనాలో లారీ డ్రైవర్లు బాగుపడ్డారు. ఫ్యాక్టరీలు పెరిగితే మనమూ బాగుపడతాం.

వాస్తవం: చీమకుర్తి రాయి వెంట వెళ్లి చూడండి, తెలుస్తుంది. బ్లాక్ గెలాక్సీ అనే అక్కడి నల్ల గ్రానైట్ ఘనపు మీటరు ఇంచుమించు మూడు టన్నులు తూగుతుంది. పెద్ద బ్లాకు ఒక్కటే ఇరవై టన్నులు దాటుతుంది. ఆర్.ఎల్.పురం క్వారీలో దాన్ని ట్రైలరు మీదకు దించినప్పుడు బండి ఒక్కసారి మూలుగుతుంది. డ్రైవరు చుట్టూ తిరిగి, చెక్క దిమ్మెలు సరిగ్గా పడ్డాయో లేదో కాలితో తన్ని చూస్తాడు. గొలుసు బిగించాక కూడా ఇంకోసారి చూస్తాడు. సడన్ బ్రేకు పడితే ఆ రాయి ముందుకు జరిగేది తన క్యాబిన్ మీదకే మరి.

అలా రేవు చేరిన రాయిలో చాలా భాగం చైనా వెళ్తుంది. ఫుజియన్ రాష్ట్రంలోని షుయిటౌ అనే ఊరు రాతి కోతకు పేరుబడ్డది. అక్కడా రేవు నుంచి ఫ్యాక్టరీకి ఆ బరువును మోసేది ఒక లారీ డ్రైవరే. అతనిదీ చాలావరకు అప్పు మీద కొన్న సొంత బండే. లోడు ఫోను యాప్‌లో వెతుక్కోవాలి. 2017లో అక్కడి రెండు పెద్ద లోడింగ్ యాప్‌లు ఒక్కటయ్యాయి. బాడుగ అడుగంటిందని, డీజిలు ధర భరించలేమని 2018 జూన్‌లో పలు రాష్ట్రాల్లో డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఒకే రాయిని ఈ చివర మోసినవాడి కష్టం, ఆ చివర మోసినవాడి కష్టం ఒకటే. ఫ్యాక్టరీ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి డ్రైవరు బాగుపడడు. బాడుగ ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్న దాన్ని బట్టే అతని బతుకు ఉంటుంది.

ఇంకో మాట. రాయి దిమ్మెగా పోతే ఒక ట్రిప్పుతో మన పని ముగుస్తుంది. ఇక్కడే కోసి, పాలిష్ పట్టి, పలకలుగా పంపితే కోతకు, ప్యాకింగుకు, కంటైనరు నింపడానికి, రోడ్డు మీద తోలడానికి ఇంకెందరికో పని దొరుకుతుంది. నా ఓటు పలకకే.

అపోహ: డ్రైవరు లేని లారీలు వచ్చేస్తున్నాయి.

వాస్తవం: యార్డు గోడ లోపల వచ్చాయి. షాంఘైలోని యాంగ్‌షాన్ రేవులో 2017 నుంచే డ్రైవరు లేని బండ్లు కంటైనర్లు మోస్తున్నాయి. 2025లో ప్రారంభమైన కేరళలోని విళింజం పోర్టులో చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు గదిలో తెర ముందు కూర్చుని యార్డు క్రేన్లు నడుపుతున్నారు. మన రామాయపట్నం పోర్టు పూర్తయ్యే నాటికి మన పిల్లలకు ఆ శిక్షణ అందాలి. ఇక ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు, రోడ్డు దాటే గేదెల మందలు, డివైడరు సందులోంచి దూరే బైకులు ఉన్న మన హైవే మీద స్టీరింగుకు మనిషి ఇంకా చాలా ఏళ్లు కావాలి.

కనిగిరి పెద్దాయనకు చివరగా మా ఎల్ఆర్ (లారీ రసీదు) పుస్తకం చూపించాను. అందులో ఇప్పుడు రెండు గడులు అదనంగా అచ్చు వేయిస్తున్నాం: గేటు చేరిన సమయం, గేటు వదిలిన సమయం. మధ్య తేడా ఇరవై నాలుగు గంటలు దాటితే సరుకు పార్టీ మీద రోజుకు ఇంత అని వెయిటింగ్ చార్జీ పడుతుంది, అందులో సగం నేరుగా డ్రైవరుకు. ఈ షరతు నచ్చక రెండు పార్టీలు మమ్మల్ని వదిలి వెళ్లాయి. నాలుగు పార్టీలు ఒప్పుకున్నాయి. "మీవాడు ఎవరి దగ్గర చేరినా సరే, మొదట ఈ రెండు గడులు ఉన్నాయేమో అడగమనండి" అన్నాను. కుర్రవాడు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

ఇది రాస్తుండగా మీంజూరు నుంచి మా డ్రైవరు తన ఎల్ఆర్ ఫోటో పంపాడు. మొదటి గడిలో సోమవారం రాత్రి 11:40 అని ఉంది. ఇవాళ బుధవారం మధ్యాహ్నం, రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది.