ఒకటిన్నర మిల్లీమీటరు తేడా: పీటర్ థామ్సన్ ఆడిన బంతి

గోల్ఫ్ బంతి మరీ దూరం పోతోందని, దాన్ని కట్టడి చేయాలని ఆట నియమాలు చూసే రెండు సంస్థలు, అమెరికాలోని యూఎస్‌జీఏ, స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఏ, 2023 డిసెంబర్‌లో ప్రకటించాయి. ఇదేదో కొత్త గొడవ అనుకుంటే పొరపాటు. బంతి కొలత మీద ఈ రెండు సంస్థలే దాదాపు 60 ఏళ్లు చెరో దారిన నడిచాయి. ఆ కాలంలో ఎక్కువ గెలిచిన ఆటగాళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ థామ్సన్ ఒకడు. ఐదు బ్రిటిష్ ఓపెన్‌లు గెలిచినా, ఆయన పేరు పక్కన ‘చిన్న బంతి రోజుల్లో, అమెరికన్లు రాని రోజుల్లో’ అనే తోక ఇప్పటికీ తగిలిస్తుంటారు. ఆ తోకలో నిజం కొంతే ఉంది.

1921లో రెండు సంస్థలూ ఒకే కొలతకు ఒప్పుకున్నాయి: వ్యాసం 1.62 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 1.62 ఔన్సులకు మించకూడదు. పదేళ్లకు అమెరికా విడిపోయింది. దూరం తగ్గించాలని 1931లో వ్యాసాన్ని 1.68 అంగుళాలకు పెంచి, బరువును 1.55 ఔన్సులకు దించింది. అదే తప్పయింది. పెద్దదై, పైగా తేలికైన బంతి గాలికి బెలూన్‌లా కొట్టుకుపోయింది. ఆటగాళ్లు దానికి ‘బెలూన్ బాల్’ అనే పేరే పెట్టారు. ఏడాది తిరక్కుండానే బరువును మళ్లీ 1.62 ఔన్సులకు తెచ్చారు, వ్యాసం మాత్రం 1.68 దగ్గరే నిలిచింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తదితర దేశాలు పాత 1.62నే పట్టుకున్నాయి. తేడా 0.06 అంగుళం, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు.

ఆ కాస్త తేడాకే ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. గాలికి ఎదురయ్యే వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.62 నుంచి 1.68కి వస్తే అది ఏడున్నర శాతం ఎక్కువ. బరువు మాత్రం అదే, సుమారు 46 గ్రాములు. కాబట్టి పెద్ద బంతి ఎదురుగాలిలో త్వరగా వేగం కోల్పోతుంది, పక్కగాలికి ఎక్కువ జరుగుతుంది. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ముఖం కొంచెం తెరుచుకుని తగిలినా వంపు పెద్దగా తిరుగుతుంది. చిన్న బంతి గాలిని చీల్చుకుపోతుంది, చిన్నచిన్న తప్పుల్ని క్షమిస్తుంది. అయితే దానికీ ఒక చిక్కుంది. గడ్డిలో కాస్త లోతుగా కూర్చుంటుంది కాబట్టి క్లబ్ అంచును దాని కిందికి దూర్చి ఎత్తుగా లేపడం కష్టం. పెద్ద బంతి గడ్డి మీద తేలి ఉంటుంది, లేపడం తేలిక, గ్రీన్ (హోల్ చుట్టూ పచ్చిక పొట్టిగా కత్తిరించిన చోటు) మీద ఆపడమూ తేలిక.

అందుకే చిన్న బంతితో పెరిగినవాళ్లు నేల వెంబడి ఆడటం నేర్చారు. సముద్రం ఒడ్డున ఇసుక నేలల మీద ఉండే లింక్స్ మైదానాల్లో పచ్చిక పలచగా, నేల గట్టిగా ఉంటుంది. అక్కడ గ్రీన్ మీద నేరుగా పడిన బంతి ఎగిరి అవతలికి దూకేస్తుంది. దాన్ని ముందే దించి దొర్లించాలి. ఆ షాట్ ఇలా ఉంటుంది: 7వ నంబర్ ఐరన్ (లోహపు తల ఉన్న క్లబ్) తీసుకుని, బంతిని రెండు పాదాల నడిమి నుంచి కొంచెం వెనక్కి, కుడి పాదం వైపు పెట్టుకోవాలి. బరువు ఎడమ కాలి మీద, చేతులు బంతికి ముందు ఉండాలి. మణికట్టు విరవకుండా, గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే పుట్ కొట్టినట్టే కొట్టాలి. చదునైన ఎండు గ్రీన్ మీద ఒక వంతు గాల్లో, మూడు వంతులు నేల మీద పోతుందని ఉజ్జాయింపు లెక్క. రెండు సందర్భాల్లో ఇది బెడిసికొడుతుంది. బంతిని లేపాలన్న ఆత్రంలో మణికట్టు ముందుకు తిప్పితే క్లబ్ అంచు బంతి నడుముకు తగిలి అది గ్రీన్ దాటిపోతుంది. నేల తడిగా ఉంటే పడిన చోటే చతికిలబడుతుంది.

థామ్సన్ బలమంతా ఇక్కడే. మెల్‌బోర్న్‌లోని బ్రున్స్‌విక్‌లో 1929లో పుట్టి, దగ్గర్లోని రాయల్ పార్క్ అనే తొమ్మిది హోల్స్ మైదానంలో ఆట నేర్చాడు. పట్టు వదులుగా ఉండేది, ఊపులో హడావుడి ఉండేది కాదు. బంతి ఎక్కడ దిగాలో, అక్కడి నుంచి ఎటు దొర్లాలో ముందే తేల్చుకుని ఆడేవాడు. 1952 నుంచి 1958 దాకా బ్రిటిష్ ఓపెన్‌లో ఆయన స్థానాలు చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి: రెండు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. 1952లోనూ 1957లోనూ దక్షిణాఫ్రికాకు చెందిన బాబీ లాక్ గెలిచాడు, 1953లో కార్నూస్టీలో బెన్ హోగన్ గెలిచాడు. 1954లో బర్క్‌డేల్, 1955లో సెయింట్ ఆండ్రూస్, 1956లో హాయ్‌లేక్, 1958లో లైథమ్ థామ్సన్‌వి. 20వ శతాబ్దంలో ఈ ఓపెన్‌ను వరుసగా మూడేళ్లు గెలిచినవాడు ఆయనొక్కడే. లైథమ్‌లో వేల్స్ ఆటగాడు డేవ్ థామస్‌తో సమమై, విజేతను తేల్చే 36 హోల్స్ ప్లేఆఫ్‌లో నెగ్గాడు: థామ్సన్‌కు 139 స్ట్రోక్‌లు (దెబ్బలు), థామస్‌కు 143, గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాడిదే గెలుపు.

అమెరికన్లు రాలేదన్న మాట నిజమే, కారణాలూ మామూలువే. 1954 విజేతకు దక్కింది 750 పౌండ్లు. దానికోసం అట్లాంటిక్ దాటి రావాలి, పేరున్నవాడైనా ముందు అర్హత రౌండ్లు ఆడాలి, శుక్రవారం ఒక్కరోజే 36 హోల్స్ నడవాలి. పైగా అలవాటు లేని బంతి, అలవాటు లేని గాలి. 1953లో వచ్చిన హోగన్ గెలిచి వెళ్లి, ఓపెన్‌కు మళ్లీ రానేలేదు. 1965 నాటికి పరిస్థితి మారింది. బర్క్‌డేల్‌లో అమెరికా మేటి ఆటగాళ్లు నిక్లాస్, పామర్, ముందటేడు విజేత టోనీ లీమా ముగ్గురూ దిగారు. 35 ఏళ్ల థామ్సన్ రెండు స్ట్రోక్‌ల తేడాతో ఐదోసారి గెలిచాడు. ఆ తోక తగిలించేవాళ్లు ఈ ఒక్క ఏడాదినీ తప్పకుండా మరిచిపోతారు. 1956లో ఆయన అమెరికా గడ్డ మీద, పెద్ద బంతితో, డల్లాస్‌లో టెక్సస్ ఇంటర్నేషనల్ ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో స్థానం పంచుకున్నాడు. కాకపోతే ఎత్తుగా లేపి గ్రీన్ మీద ఆపే ఆట నడిచే ఆ తడి మైదానాల్లో ఆయన నేర్పుకు విలువ తక్కువే. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు.

ఆసియా మాత్రం ఆయన్ని ఆకట్టుకుంది. 1964లో ఇండియన్ ఓపెన్ మొదలవడంలో ఆయన చొరవ పెద్దది. ఢిల్లీలో జరిగిన ఆ తొలి పోటీ ఆయనే గెలిచి, 1966లోనూ 1976లోనూ మళ్లీ గెలిచాడు. 1965లో గెలిచింది మాత్రం మనవాడే, అమెచ్యూర్ బిల్లూ సేఠీ. బెంగళూరులోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానానికి రూపకల్పన చేసింది కూడా థామ్సన్ బృందమే.

ఇక చిన్న బంతి కథ బ్రిటన్‌లోనే ముగిసింది. 1957 తర్వాత అమెరికా జట్టుతో ఆడే రైడర్ కప్‌లో వరుస ఓటములు చూసి, చిన్న బంతి తమ ఆటగాళ్ల లోపాల్ని కప్పిపుచ్చుతోందని ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘం బ్రిటిష్ పీజీఏ భావించి 1968లో తన పోటీల్లో 1.68ని తప్పనిసరి చేసింది. మధ్యేమార్గంగా 1.66 అంగుళాల ప్రతిపాదన వచ్చినా నిలవలేదు. 1974 నుంచి ఓపెన్‌లోనూ పెద్ద బంతే. 1990లో చిన్న బంతి పూర్తిగా నిషేధమైంది. ఐదేళ్ల ముందే, 1985లో, 50 ఏళ్లు దాటినవాళ్లు ఆడే అమెరికా సీనియర్ టూర్‌లో అదే పెద్ద బంతితో థామ్సన్ ఒక్క ఏడాదిలో తొమ్మిది పోటీలు గెలిచేశాడు.

2023 నిర్ణయం కొలతల జోలికి పోలేదు. దూరం హద్దు 317 గజాలు, 3 గజాల వెసులుబాటు, పాతదే. పరీక్షలో యంత్రం క్లబ్‌ను ఊపే వేగాన్ని గంటకు 120 మైళ్ల నుంచి 125కు పెంచారు. అంటే ఇప్పుడు హద్దులో ఉన్న బంతి ఆ వేగంలో హద్దు దాటుతుంది. బాగా బలంగా కొట్టేవాళ్లకు 13 నుంచి 15 గజాలు తగ్గుతాయని, సాధారణ ఆటగాడికి 5 గజాలో అంతకంటే తక్కువో అని ఆ సంస్థల అంచనా. దానివల్ల పాత మైదానాల పొడవు కొంత కాపాడబడుతుంది, అంతవరకు మంచిదే. కానీ థామ్సన్ ఆడిన నేల షాట్ దీనివల్ల తిరిగి రాదు. బంతి వ్యాసం 1.68 దగ్గరే ఉంది, అది గడ్డి మీద తేలుతూనే ఉంటుంది. ఆ షాట్ బతకాలంటే ఫెయిర్‌వేలకు (గ్రీన్ దాకా సాగే పచ్చిక దారులకు) నీళ్లు తగ్గించాలి, గ్రీన్ ముందున్న నేలను గట్టిగా, ఎండుగా ఉంచాలి. ఆ పని బంతి పరీక్షించే ప్రయోగశాలది కాదు, మైదానం చూసుకునే సిబ్బందిది.