తేజస్, జేఎఫ్-17: పోటీ అంతా ఇంజన్ దగ్గరే

విజయనగరంలో జాతీయ రహదారి 26 ఎక్కి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా పైకి వెళ్తే ఒడిశాలోని సునాబెడ వస్తుంది. అక్కడి హెచ్‌ఏఎల్ (ప్రభుత్వ విమాన తయారీ సంస్థ) కొరాపుట్ డివిజన్ 1964లో మిగ్-21 ఇంజన్ల తయారీ కోసం పుట్టింది. ఇప్పుడు సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ, మిగ్-29కి ఆర్‌డీ-33 ఇంజన్లు అక్కడే తయారవుతాయి. పాకిస్తాన్ యుద్ధవిమానం జేఎఫ్-17ను ఎగరేసే ఆర్‌డీ-93 ఈ ఆర్‌డీ-33 నుంచి వచ్చిందే. అంటే శత్రువు విమానంలోని ఇంజన్‌కు దగ్గరి చుట్టం మన ఘాట్ రోడ్డు పైనే తయారవుతోంది. మన యుద్ధవిమానం తేజస్‌కు కావలసిన ఇంజన్ మాత్రం అమెరికా నుంచి రావాలి.

కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లల దగ్గర్నుంచి, శ్రీకాకుళం మైదానాల్లో తెల్లవారుజామున అగ్నివీర్ పరుగు సాధన చేసే కుర్రాళ్ల దాకా ఈ రెండు విమానాల మీద వాదన తెగదు. ఏది వేగం, దేనికి ఎన్ని క్షిపణులు, దేని రాడార్ ఎంత దూరం చూస్తుంది అన్నదగ్గరే ఆ వాదన తిరుగుతుంటుంది. ఆ అంకెలు ముఖ్యమే. కానీ ఈ రెండు విమానాల నలభై ఏళ్ల చరిత్రలో ప్రతి మలుపునూ నిర్ణయించింది ఇంజనే.

కథ మారుత్‌తో మొదలుపెట్టాలి. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో హెచ్‌ఏఎల్ రూపొందించిన హెచ్‌ఎఫ్-24 మారుత్ 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. ధ్వనికి రెట్టింపు వేగం అందుకోవాలన్న ఉద్దేశంతో గీసిన శరీరం అది. దానికి తగిన ఇంజన్ దొరకలేదు. చిన్న విమానాలకు వాడే ఓర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టి సరిపెట్టారు. ఆఫ్టర్‌బర్నర్ (వెనుక భాగంలో అదనపు ఇంధనం మండించి బలం పెంచే ఏర్పాటు) లేదు. 1971 యుద్ధంలో నేల మీది లక్ష్యాలపై బాగా పనిచేసినా, ఏ వేగం కోసం దాన్ని గీశారో ఆ వేగం అది చూడనేలేదు. మన ఇంజనీర్లు అప్పుడే పాఠం నేర్చారు. అందుకే 1983లో తేలికపాటి యుద్ధవిమానం (నేటి తేజస్) ప్రాజెక్టుకు ప్రభుత్వం పచ్చజెండా ఊపాక, సొంత ఇంజన్ కూడా పక్కనే తయారు కావాలని పట్టుబట్టారు. 1984లో బెంగళూరులో దాని రూపకల్పనకు ఏడీఏ అనే సంస్థ ఏర్పడింది. 1989లో ఇంజన్ల పరిశోధనశాల జీటీఆర్‌ఈకి కావేరి ఇంజన్ అప్పగించారు. విమానం రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ మన ఇచ్ఛాపురం సరిహద్దు అవతలి బరంపురం ప్రాంతంలో పుట్టినవారే.

అదే సమయంలో సరిహద్దు అవతల ఇంకో ప్రయత్నం నడిచింది. మిగ్-21కు చైనా నకలైన ఎఫ్-7ను ఆధునికం చేసే పనికి అమెరికన్ కంపెనీ గ్రమ్మన్ చేయి కలిపింది. 1989లో తియానన్మెన్ కాల్పుల తర్వాత అమెరికా చైనాతో రక్షణ సంబంధాలు తెంచుకోవడంతో అది ఆగిపోయింది. 1990లో అణు కార్యక్రమం కారణంగా సాయం ఆపే అమెరికా చట్టం ప్రెస్లర్ సవరణ కింద పాకిస్తాన్‌కు ఎఫ్-16లు కూడా ఆగాయి. డబ్బు కట్టిన విమానాలు చేతికి రాక, ఉన్నవాటికి విడిభాగాలు దొరక్క, పాకిస్తాన్ పూర్తిగా చైనా వైపు తిరిగింది. 1999లో రెండు దేశాలూ ఖర్చు సగం సగం పంచుకునే ఒప్పందం కుదుర్చుకున్నాయి. డిజైన్‌లో రష్యాకు చెందిన మికోయన్ సంస్థ చేయి కూడా పడింది. 2003 ఆగస్టు 25న చైనాలోని చెంగ్డూలో తొలి జేఎఫ్-17 ఎగిరింది. 2007 మార్చిలో మొదటి రెండు పాకిస్తాన్ చేరాయి, 2010లో పెషావర్‌లో తొలి స్క్వాడ్రన్ (విమానాల దళం) ఏర్పడింది.

తేజస్ తేదీలను వీటి పక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. మొదటి నమూనాను 1995 నవంబరులో బయటికి లాగారు. అది ఎగిరింది 2001 జనవరి 4న. తొలి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016 జులై 1న. పూర్తిస్థాయి అనుమతి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఒప్పందం నుంచి స్క్వాడ్రన్ దాకా వాళ్లకు పదకొండేళ్లు పడితే, మనకు ముప్పై మూడేళ్లు.

ఈ తేడాకు కారణం సోమరితనమని తేల్చేయడం అన్యాయం. 1995కూ 2001కీ మధ్య ఏం జరిగిందో చూడాలి. తేజస్‌కు తోక రెక్కలు లేవు, త్రిభుజాకారపు డెల్టా రెక్క మాత్రమే ఉంది. చురుగ్గా తిరగడం కోసం దాన్ని కావాలనే నిలకడ లేకుండా గీశారు. కంప్యూటర్ వదిలేస్తే ముక్కు దానంతటదే పైకో కిందికో పోతుంది, పైలట్ చెయ్యి అంత వేగంగా దిద్దలేదు. అందుకే నాలుగు కంప్యూటర్ ఛానళ్లు ఒకే లెక్కను విడివిడిగా కట్టి, సెకనులో చిన్న భాగంలోనే రెక్కల అంచులను కదుపుతుంటాయి. ఒక ఛానల్ మిగతా మూడింటితో విభేదిస్తే దాన్ని పక్కన పెట్టేస్తాయి. ఇలాంటి వ్యవస్థ మన దేశంలో అప్పటిదాకా ఎవరూ రాయలేదు. పరీక్షలకు లాక్‌హీడ్ మార్టిన్ సహకారం తీసుకున్నారు. 1998 మేలో పోఖ్రాన్ పేలుళ్లు జరిగాయి, ఆంక్షలు వచ్చాయి. అమెరికాలో ఉన్న మన బృందాన్ని వెనక్కి పంపేశారు, పరికరాలు అక్కడే ఉండిపోయాయి. మిగిలిన పని బెంగళూరులో మనవాళ్లే పూర్తిచేశారు. ఆ తర్వాత వేల సార్లు జరిగిన పరీక్షా ప్రయాణాల్లో ఒక్క విమానమూ కూలలేదంటే ఆ పని ఎంత గట్టిగా జరిగిందో అర్థమవుతుంది. మొదటి ప్రమాదం 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర జరిగింది, పైలట్ ప్రాణాలతో బయటపడ్డాడు. 2025 నవంబరు 21న దుబాయ్ ప్రదర్శనలో వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్‌ను మాత్రం పోగొట్టుకున్నాం.

జేఎఫ్-17 ఈ కష్టం జోలికి పోలేదు. తోక రెక్కలున్న మామూలు రూపం, ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమం. మొదటి బ్లాకుల్లో (తయారీ విడతల్లో) పూర్తి డిజిటల్ నియంత్రణ ముక్కును పైకీ కిందికీ కదిపే పనికే పరిమితం. మూడో బ్లాకులోనే అది అన్ని దిశలకూ వచ్చింది. త్వరగా చేతికి రావాలి, ఖర్చు తగ్గాలి అన్న లక్ష్యానికి అది సరైన ఎంపికే. నమూనాలు ఎగరడం మొదలయ్యాక కూడా గాలి తీసుకునే ముఖద్వారాన్ని పూర్తిగా మార్చేశారు. కొత్త ముఖద్వారంతో నాలుగో నమూనా 2006 ఏప్రిల్‌లో ఎగిరింది.

ఇక కొలతలు. రెండింటి ఖాళీ బరువూ ఆరున్నర టన్నుల అటూ ఇటూ ఉంటుంది. తేజస్ పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. అసలు తేడా రెక్క వైశాల్యంలో ఉంది. తేజస్‌ది 38.4 చదరపు మీటర్లు, జేఎఫ్-17ది 24.4. దాదాపు అదే బరువును తేజస్ మరో 14 చదరపు మీటర్ల రెక్క మీద మోస్తుంది. అందువల్ల పలచటి గాలిలో, ఎత్తులో, ముక్కును చటుక్కున తిప్పడంలో దానికి వాటం. లద్దాఖ్ లాంటి ఎత్తైన స్థావరాల నుంచి ఎగరడానికీ అదే అక్కరకొస్తుంది. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. పెద్ద డెల్టా రెక్క మలుపులో గాలిని ఎక్కువగా అడ్డుకుంటుంది, వేగం త్వరగా పడిపోతుంది. పోయిన వేగాన్ని మళ్లీ తెచ్చేది ఇంజనే. ఇంజన్ బలం చాలకపోతే రెక్క తెచ్చిన లాభం రెండో మలుపుకే కరిగిపోతుంది.

తేజస్ శరీరం బరువులో దాదాపు 45 శాతం కార్బన్ ఫైబర్ కాంపోజిట్. తుప్పు పట్టదు, బరువు తక్కువ. కానీ కార్బన్ ఫైబర్‌ను అల్యూమినియంకు నేరుగా తగిలించి ఉప్పుగాలిలో వదిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో పొర వేయాలి, టైటానియం బిగింపులు వాడాలి. కళింగపట్నం, భీమిలి తీరంలో ఇనుప గ్రిల్ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసినవాళ్లకు ఈ జాగ్రత్త విలువ చెప్పక్కర్లేదు. తూర్పు నౌకాదళానికి విమానాలు కావాలంటే ఇది చిన్న విషయం కాదు.

నౌకాదళ తేజస్ సంగతి చెప్పుకుని ముందుకు పోదాం. 2020 జనవరి 11న అది విక్రమాదిత్య విమానవాహక నౌక మీద దిగింది. గంటకు 244 కిలోమీటర్ల వేగం నుంచి 90 మీటర్ల దూరంలో, రెండున్నర సెకన్లలో ఆగిపోయింది. జేఎఫ్-17కు నౌక మీద దిగే రకమే లేదు. అయినా మన నౌకాదళం 2016లోనే ఈ తేజస్ రకాన్ని వద్దంది. డెక్ మీద గట్టిగా దిగడానికి చక్రాల కాళ్లూ నడుమూ దృఢం చేసేసరికి బరువు పెరిగింది. ఆ బరువుతో నౌక మీది చిన్న రన్‌వే నుంచి ఇంధనం, క్షిపణులు నింపుకుని లేవడానికి తేజస్ అమెరికన్ ఇంజన్ ఎఫ్-404 బలం చాలలేదు. చివరికి 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ తయారీ నౌకాదళ విమానాలు 26 రఫేల్-ఎంలకు ఒప్పందం కుదిరింది. ఇక్కడా అడ్డుపడింది ఇంజనే.

మరి కావేరి ఏమైంది? ఆఫ్టర్‌బర్నర్‌తో 81 కిలోన్యూటన్ల బలం లక్ష్యం. అందింది 70 దగ్గర. బరువు అనుకున్న 1,100 కిలోలు దాటిపోయింది. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. ఎందుకు చాలలేదో తెలియాలంటే టర్బైన్ బ్లేడు ఎలా తయారవుతుందో చూడాలి. దహనగది నుంచి వచ్చే వాయువు వేడి ఆ బ్లేడు లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. ఆ మంటలో బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ సాగకుండా ఉండాలి. ముందు మైనంతో బ్లేడు నమూనా పోస్తారు. లోపల చల్లగాలి పోయే సన్న దారుల కోసం పింగాణీ గర్భం పెడతారు. పైన పింగాణీ పొరలు పూసి, మైనం కరిగించి తీసేస్తారు. శూన్యపు కొలిమిలో కరిగిన నికెల్ మిశ్రమం పోసి, అచ్చును వేడి భాగం నుంచి చల్లటి భాగంలోకి అతి నెమ్మదిగా దించుతారు. అడుగున మెలిక తిరిగిన సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. గడ్డకట్టే స్ఫటికాల్లో ఒక్కటే ఆ మెలిక దాటి పైకి ఎదుగుతుంది, బ్లేడంతా ఆ ఒక్క స్ఫటికమే అవుతుంది. దించే వేగం కాస్త తప్పినా పక్కనుంచి మరో స్ఫటికం మొలుస్తుంది. లోపలి గర్భం వెంట్రుకవాసి జరిగినా ఒకవైపు గోడ పలచబడుతుంది. రెండింటిలో ఏది జరిగినా ఆ బ్లేడు పారేయాల్సిందే. కావేరి కోసం అప్పట్లో మన చేతికి అందింది దీనికి ముందు తరం పద్ధతి. అందులో స్ఫటికాలు ఒకే దిశలో పేరుకుంటాయి గానీ ఒక్కటిగా ఉండవు, కాబట్టి అంత వేడికి ఓర్వవు. వేడి తగ్గించి నడిపితే బలం తగ్గుతుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఆ తర్వాతా పని ఆపలేదు. ఒకే స్ఫటికపు బ్లేడ్లు తయారుచేసి హెలికాప్టర్ ఇంజన్ కోసం 2021లో హెచ్‌ఏఎల్‌కు అందించింది.

ఇక్కడే సునాబెడ మీద ఒక ప్రశ్న వస్తుంది. అరవై ఏళ్లుగా ఇంజన్లు తయారుచేస్తున్నవాళ్లకు సొంత ఇంజన్ ఎందుకు రాలేదు? లైసెన్స్ తయారీలో వచ్చే డ్రాయింగులు కొలతలు చెప్తాయి, ఆ కొలత ఎందుకుందో చెప్పవు. ఏ ఉష్ణోగ్రతకు ఎంతసేపు ఉంచాలో రాసి ఉంటుంది. పది డిగ్రీలు మారితే ఏమవుతుందో చూపించిన పరీక్షల ఫలితాలు అసలు దేశం దగ్గరే ఉంటాయి. రెండోది, ఇంజన్ల తయారీ కొరాపుట్‌లో, డిజైన్ బెంగళూరులో. ఈ రెండు చోట్ల చేతులూ ఒకే బల్ల మీద పనిచేసే ఏర్పాటు మొదటి నుంచీ చేసి ఉండాల్సింది. సునాబెడ పనివాళ్ల నైపుణ్యంలో లోటేమీ లేదు. 2024 మార్చిలో ఆర్‌డీ-33 ఇంజన్లకు 5,249 కోట్ల రూపాయల ఒప్పందం, అదే ఏడాది సెప్టెంబరులో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు 26,000 కోట్లకు పైబడిన ఒప్పందం ఆ ఫ్యాక్టరీకే వచ్చాయి.

ఇంజన్ విషయంలో పాకిస్తాన్ మనకన్నా మెరుగేం కాదు. చైనాకు చెందిన విమానంలో రష్యా ఇంజన్ పాకిస్తాన్‌కు పోవాలంటే మాస్కో ఒప్పుకోవాలి. మన అభ్యంతరాల మధ్య 2007లో ఆ అనుమతి దొరికింది. మిగ్-29కు రెండు ఇంజన్లు, జేఎఫ్-17కు ఒక్కటే కాబట్టి గేర్‌బాక్సును ఇంజన్ కిందికి మార్చి ఆర్‌డీ-93 చేశారు. ఈ ఇంజన్ పొగ దూరం నుంచి కంటికి కనబడుతుందన్న ఫిర్యాదు పాతదే. బలంలో రెండు విమానాల ఇంజన్లూ 80 నుంచి 85 కిలోన్యూటన్ల మధ్యే ఉంటాయి. చైనా తన వైమానిక దళానికి ఈ విమానం ఒక్కటీ తీసుకోలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోదగ్గదే. మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్‌లకు మాత్రం అమ్ముడైంది. తేజస్‌కు ఇంకా విదేశీ కొనుగోలుదారు లేరు.

అద్దె ఎడ్లతో దుక్కి దున్నే రైతుకు వాన పడ్డ రోజున ఎడ్లు దొరకవు. తేజస్ మెరుగైన రకం మార్క్-1ఏకి సరిగ్గా అదే జరిగింది. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందం అయింది. అదే ఏడాది ఆగస్టులో 99 ఎఫ్-404 ఇంజన్లకు ఆర్డరు పెట్టారు. 2024 మార్చికల్లా విమానాలు రావడం మొదలవ్వాలి. ఆర్డర్లు లేక మూసేసిన తయారీ వరుసను అమెరికన్ కంపెనీ జీఈ మళ్లీ తెరవాల్సి వచ్చింది, విడిభాగాల సరఫరాదారులను మళ్లీ కూడగట్టాల్సి వచ్చింది. తొలి ఇంజన్ 2025 మార్చిలో అందింది. రాడార్, ఆయుధాల అనుసంధానంలోనూ ఆలస్యాలున్నాయి, నెపమంతా ఇంజన్ మీదే నెట్టలేం. ఈలోగా 2025 సెప్టెంబరు 26న మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన మన వైమానిక దళం 29కి దిగింది. అదే నెలలో మరో 97 మార్క్-1ఏలకు 62,370 కోట్ల ఒప్పందం చేశారు. ఆ వెంటనే నవంబరులో ఇంకో 113 ఇంజన్లకు ఆర్డరు వెళ్లింది.

ఇకముందు తేజస్ మార్క్-2కు ఎఫ్-414 ఇంజన్ పెట్టాలన్నది ఆలోచన. బలం 98 కిలోన్యూటన్లు. దాన్ని మన దేశంలోనే తయారుచేసేందుకు 2023 జూన్‌లో హెచ్‌ఏఎల్, జీఈ అవగాహనకు వచ్చాయి. ఆ ఒప్పందం ఖరారైన వార్త వచ్చినప్పుడు సాంకేతికత బదిలీ ఎంత శాతమన్న అంకె మీద ఆగిపోవద్దు. బ్లేడ్ల పోత, వాటి మీది వేడి నిరోధక పూత, టర్బైన్ డిస్కుల ఫోర్జింగ్ ఏ ఊళ్లో, ఎవరి కొలిమిలో జరుగుతాయో అడగాలి. పోత బయట జరిగి, నగిషీ మాత్రం ఇక్కడ జరిగితే అది సునాబెడలో 1964 నుంచి చేస్తున్న పనే.